సయానా ప్రెస్: పరికరం భేష్, కుదపడం మరిస్తే మాత్రం కాదు

మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్ డీఎంపీఏను (డిపో మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఎసిటేట్ అనే హార్మోన్ మందు) చర్మం కింద ఇచ్చే రూపం సయానా ప్రెస్. 0.65 మి.లీ.లో 104 మి.గ్రా. మందు, చిన్న ప్లాస్టిక్ బుడగలో సూదితో సహా నింపి వస్తుంది. కండకిచ్చే 150 మి.గ్రా. వయల్‌తో ఉండే పనులు, అంటే సిరంజి వెతకడం, మందు లాగడం, కొలవడం, దీంతో లేవు. మోతాదు తప్పే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

తప్పులు దొర్లేది వాడే చేతిలోనే. మందు పొడి ద్రవంలో అడుగుకు దిగిపోతుంది కాబట్టి 30 సెకన్లు గట్టిగా కుదపాలి. కాసేపు పక్కన పెడితే మళ్లీ కుదపాల్సిందే. ఆ తరువాత సూదిని పైకి పట్టుకుని మూతను పోర్టు (సూది మొదట్లో ఉండే ప్లాస్టిక్ భాగం) వైపు నొక్కాలి, మధ్యలోని సందు పూర్తిగా పోవాలి. సగం నొక్కి వదిలేస్తే సూది గుచ్చాక మందు రాదు. కొత్తవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పొట్ట మీదో, తొడ ముందు భాగంలోనో చర్మాన్ని చిటికెలో పట్టి, సూది కిందికి ఉండేలా పోర్టు చర్మానికి తగిలేదాకా గుచ్చి, బుడగను 5 నుంచి 7 సెకన్లు మెల్లగా నొక్కాలి. తొందరపడితే మందు కారుతుంది. బుడగలో కాస్త మిగలడం మామూలే. తీశాక రుద్దకూడదు, మూత తిరిగి పెట్టకూడదు.

తదుపరి మోతాదు 13 వారాలకు. 2 వారాలు ముందుగానైనా, 4 వారాలు ఆలస్యంగానైనా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అంతకు మించితే గర్భం లేదని తేల్చుకుని ఇచ్చి, 7 రోజులు కండోమ్ వాడమనాలి. రిఫాంపిసిన్ (క్షయ మందు), కార్బమాజెపిన్ (మూర్ఛ మందు) వాడేవారికీ ఇదే వ్యవధి. విరామం తగ్గించే అలవాటు కొందరికి ఉంది, అవసరం లేదు.

రొమ్ము క్యాన్సర్ ఉంటే వద్దు. రక్తపోటు 160/100 లేదా ఆపైన ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా ముందు వాటి సంగతి చూడాలి.

లోపాలూ చెప్పాలి. గుచ్చిన చోట చర్మం గుంట పడడం కండ ఇంజెక్షన్ కన్నా దీంతోనే ఎక్కువ, ప్రతిసారీ చోటు మార్చడం మేలు. ఆపాక గర్భధారణకు నెలల ఆలస్యం ఉంటుంది. త్వరలో బిడ్డ కావాలనుకునేవారికి ముందే ఆ మాట చెప్పి, వేరే పద్ధతి చూపాలి.