ఊదారంగు ఛాలెంజర్ కొంటున్నారా? ముందు రేకు చూడండి, తర్వాత రంగు చూడండి

పాత అమెరికన్ మజిల్ కారు (పెద్ద ఇంజన్ పెట్టిన వేగమైన కారు) కోసం వెతుకుతున్న మనవాళ్లందరికీ ఒక హెచ్చరిక. 1970, 71 నాటి డాడ్జ్, ప్లిమత్ కార్లు ఊదా, ముదురు నారింజ, చిలకపచ్చ లాంటి కళ్లు చెదిరే రంగుల్లో అమ్మకానికి వస్తుంటాయి. ఫ్యాక్టరీలోనే ఆ రంగు వేశారని రుజువు చూసేదాకా ఆ రంగు కోసం ఒక్క డాలర్ కూడా అదనంగా ఇవ్వకండి. డీలర్ ఎంత పెద్దవాడైనా, షోరూమ్ ఎంత ధగధగలాడినా సరే.

మా పిన్ని కొడుకు చాన్నాళ్లుగా 1970 డాడ్జ్ ఛాలెంజర్‌లో ఆర్/టీ అనే జోరైన మోడల్ కొనాలని తిరుగుతున్నాడు. మేముండేది డల్లాస్‌లో. పక్క రాష్ట్రంలో ఒక డీలర్ దగ్గర ఒకటి కన్‌సైన్‌మెంట్ మీద ఉందని తెలిసింది. అంటే కారు డీలర్‌ది కాదు, ఓనర్ అక్కడ పెట్టి వెళ్తాడు, అమ్ముడుపోతే డీలర్‌కి కమీషన్. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 383 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, ప్లమ్ క్రేజీ అనే ఊదా రంగు. అదే ఇంజన్, అదే కండిషన్‌లో ఉన్న గోధుమరంగు కార్లకంటే దీని ధర చాలా ఎక్కువ. ఎందుకయ్యా అంత అంటే, "ప్లమ్ క్రేజీ మరి" అన్నాడు సేల్స్‌మన్, ఇంకేం చెప్పాలన్నట్టు.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. డాడ్జ్, ప్లిమత్ రెండూ క్రైస్లర్ కంపెనీ బ్రాండ్లే. ఆ కంపెనీ ఆ రోజుల్లో హై ఇంపాక్ట్ అని ప్రత్యేకంగా కొన్ని రంగులు పెట్టింది. ప్లమ్ క్రేజీ, గో మ్యాంగో, సబ్‌లైమ్, హెమీ ఆరెంజ్, టాప్ బనానా, ఇవన్నీ డాడ్జ్ పేర్లు. అవే రంగులకు ప్లిమత్ వాళ్ల పేర్లు వేరు. డాడ్జ్ మీద ప్లమ్ క్రేజీ అయిన రంగు ప్లిమత్ మీద ఇన్-వయొలెట్. రెండింటి కోడ్ ఒకటే, ఎఫ్‌సీ7. (ప్లిమత్ వాళ్ల 'కుడా' అనే మోడల్ కారు అమ్ముతూ "ప్లమ్ క్రేజీ" అని రాశాడంటే మోసం అనక్కర్లేదు గానీ, అమ్మేవాడికి కారు గురించి తెలిసింది అంతంతమాత్రమే అని అర్థం.) కుర్రకారు కోసం పెట్టిన రంగులివి. షోరూముకొచ్చిన సంసారులు ఎక్కువమంది బంగారు రంగో, ముదురు ఆకుపచ్చో, తెలుపో తీసుకుని ఇంటికెళ్లారు. అందుకే ఇవాళ ఊదారంగుతో పుట్టిన కారుకి గిరాకీ, ఆకుపచ్చతో పుట్టిన కారుకి ఊదా పూసే ఆశ.

1970 డాడ్జ్ బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ మీద చిన్న రేకు ఒకటి ఉంటుంది. దాన్ని ఫెండర్ ట్యాగ్ అంటారు. దాన్ని కింది వరుస నుంచి పైకి చదవాలి. అట్టడుగు వరుసలో ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, విన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్). దానిపై వరుసలో మొట్టమొదట ఉండేదే రంగు కోడ్. 383 ఆర్/టీ హార్డ్‌టాప్ అయితే విన్ జేఎస్23ఎన్‌తో మొదలవ్వాలి, ప్లమ్ క్రేజీ అయితే పై వరుస ఎఫ్‌సీ7తో మొదలవ్వాలి. ప్రకటనలో ముప్పై నలభై ఫొటోలున్నాయి, ఈ రేకు ఫొటో ఒక్కటి లేదు. అడిగితే రెండు రోజులకి పంపాడు. ఎఫ్‌సీ7 అని చక్కగా ఉంది. అప్పుడే మావాడు అడ్వాన్స్ కట్టాడు, కారు స్వయంగా చూసి నచ్చితేనే కొంటామని ఈమెయిల్‌లో రాయించుకుని, క్రెడిట్ కార్డు మీద. ఆ రెండు జాగ్రత్తలే చివరికి వాణ్ణి కాపాడాయి.

చూడ్డానికి వెళ్లాం. పాత మోపార్ (అంటే క్రైస్లర్) బళ్లు విప్పి బిగించిన అనుభవం ఉన్న మెకానిక్‌ని డబ్బులిచ్చి వెంట తీసుకెళ్లాం. బయట పెయింటు అద్దంలా ఉంది. ఆయన దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా డిక్కీ తెరిచి, అంచున ఉండే రబ్బరు బీడింగ్‌ని వేలితో కొంచెం లాగాడు. దాని కింద గాడిలో ముదురు ఆకుపచ్చ. గీరితే పొడిగా రాలింది. వెనక సీటు కింది భాగం ఎత్తించాడు. అక్కడ రేకు మీద ఊదా ఒక చేతి మందం మేర లోపలికొచ్చి ఆగిపోయింది, మిగతాదంతా ఆకుపచ్చ తుంపర. తర్వాత బానెట్. ఇక్కడొక సంగతి తెలుసుకోవాలి. ఆ కాలం షెవర్లే, ఫోర్డ్ కార్లలో ఇంజన్ చుట్టూ ఉండే భాగం నలుపు. క్రైస్లర్ కార్లలో మాత్రం బాడీ రంగే ఇంజన్ బే లోపలిదాకా ఉంటుంది. అంటే ఈ కార్ల రంగు సరిగ్గా మార్చాలంటే ఇంజన్ దింపాల్సిందే. ఇక్కడ దింపలేదు. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) మీద హీటర్ గొట్టాల వెనక్కి టార్చి వేస్తే స్ప్రే గన్ చేరని చోటంతా ఆకుపచ్చ. ఒక వైరు క్లిప్పు మీద సగం ఊదా, సగం తుప్పు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ఇక ఆ రేకు. చుట్టూ ఉన్న రేకంతా యాభై ఏళ్ల నాటిది, ఈ ట్యాగూ దాని స్క్రూలూ మాత్రం నిన్న డబ్బాలోంచి తీసినట్టున్నాయి. అచ్చం పాతవాటిలా ట్యాగులు ముద్రించి అమ్మేవాళ్లున్నారు, పోయిన ట్యాగు స్థానంలో పెట్టుకోడానికని చెప్పి. అందులో ఏ కోడ్ కొట్టమంటే ఆ కోడ్ కొడతారు.

అసలు గుట్టు విప్పింది వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కున్న ఒక కాగితం. దాన్ని బ్రాడ్‌కాస్ట్ షీట్ అంటారు. అసెంబ్లీ లైన్ మీద ఏ కారుకి ఏమేం బిగించాలో చెప్పే షీట్ అది. పనివాళ్లు సీట్లలోనో, కార్పెట్ కిందనో వదిలేసేవాళ్లు. ఎలక కొరికింది, ఒక మూల లేదు, కానీ విన్ నంబర్ డ్యాష్‌బోర్డు మీదున్న దానితో సరిపోయింది. (తప్పకుండా సరిచూడాలి, లైన్ మీద పక్క కారు షీట్ ఈ కారులో పడిపోవడం మామూలే.) రంగు గడిలో ఈఎఫ్8 ఉంది. ఈఎఫ్8 అంటే ముదురు ఆకుపచ్చ మెటాలిక్. తమాషా ఏంటంటే, 2018లో డాడ్జ్ కంపెనీయే కొత్త ఛాలెంజర్ మీద ఎఫ్8 గ్రీన్ అని అదే కోడ్ పేరు పెట్టి ఒక రంగు తెచ్చింది. ఆ కారు పుట్టిన రంగులోనే ఉండుంటే మావాడు బేరమాడకుండా కొనేవాడేమో!

డీలర్‌ని అడిగాం. మొదట "మేం ఒరిజినల్ రంగు అని ఎక్కడా అనలేదు" అన్నాడు. ప్రకటన మళ్లీ చదివితే నిజంగానే అనలేదు. "ఫినిష్డ్ ఇన్ ప్లమ్ క్రేజీ" అని రాశాడు. అంటే ఇప్పుడు పైనున్న పూత అది అని మాత్రమే. కింద "ఫ్యాక్టరీ కలర్" అని ఉంది. దానర్థం ఆ ఏడాది ఆ కంపెనీ అలాంటి రంగు అమ్మిందని, ఈ కారుకి వేసిందని కాదు. మరి ట్యాగ్ ఫొటో మీరే పంపారుగా అంటే, "అది ఓనర్ పెట్టించింది, మాది కన్‌సైన్‌మెంట్, మాకు సంబంధం లేదు" అన్నాడు. ఓనర్ నంబర్ ఇవ్వమంటే కుదరదన్నాడు. ఎవరికి వాళ్లే తప్పుకోడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అడ్వాన్స్ కూడా వెనక్కివ్వనన్నాడు. కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసి, ఈమెయిలూ, ట్యాగ్ ఫొటో, షీట్ ఫొటో పంపితే కొన్ని వారాలకి డబ్బు తిరిగొచ్చింది. వైర్ ట్రాన్స్‌ఫర్ చేసుంటే నీళ్లొదులుకోవాల్సిందే.

మనవాళ్లు ఇంకో చోట పొరబడుతున్నారు, అదీ చెప్పాలి. మన ఊళ్లో బండి రంగు ఆర్సీలో ఉంటుంది, మారిస్తే ఆర్టీవో ఆఫీసుకెళ్లి రాయించాలి. ఆ అలవాటుతో ఇక్కడ "టైటిల్ (కారు యాజమాన్య పత్రం) క్లీన్‌గా ఉంది కదా" అని ధీమా పడతారు. టైటిల్ క్లీన్ అంటే ఆ కారు స్క్రాప్ కింద రాసేసింది కాదు అని. అది చూసి కారు ఏ రంగుతో పుట్టిందో చెప్పలేం. విన్ నంబర్లో కూడా రంగు ఉండదు.

క్రైస్లర్ కార్లకు ట్యాగూ, షీటూ తప్ప గట్టి ఆధారం దొరకడం కష్టం కాబట్టే ఈ ఆట అక్కడ ఎక్కువ. ఫోర్డ్ కొనేవాళ్లు అదృష్టవంతులు. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ ఫ్యాక్టరీ రికార్డులు మార్టీ ఆటో వర్క్స్ దగ్గరున్నాయి. విన్ ఇచ్చి రుసుము కడితే ఆ మస్టాంగ్ గ్రాబర్ బ్లూతో పుట్టిందో, తెలుపుతో పుట్టిందో రిపోర్టు వస్తుంది. పాంటియాక్ జీటీవోలకు పీహెచ్‌ఎస్ అనే సంస్థ అలాగే పాత బిల్లింగ్ కాగితాల నకళ్లు ఇస్తుంది. వేల డాలర్ల బేరంలో ఈ ఖర్చు లెక్కలోకే రాదు. అమ్మేవాడు "రిపోర్టెందుకు, నేను చెబుతున్నాగా" అంటే నోటిమాటలు నీటిమూటలని లేచి వచ్చేయండి.

షెవర్లేలతో ఇంకాస్త జాగ్రత్త. 1969 కమారో విన్ నంబర్ చూస్తే వీ8 ఇంజనా, ఆరు సిలిండర్లా అన్నంతవరకే తెలుస్తుంది, అది ఎస్ఎస్, జెడ్/28 లాంటి ఖరీదైన జోరు మోడలో కాదో తెలియదు. ఫైర్‌వాల్ మీదుండే ట్రిమ్ ట్యాగ్‌లో రంగు కోడ్ ఉంటుంది. 72 అంటే హగ్గర్ ఆరెంజ్, 57 అంటే ఫాథమ్ గ్రీన్. నారింజ కమారో చూసి మనసు పారేసుకునే ముందు ఆ 72 ఉందో లేదో, రివెట్లు కదిపిన గుర్తులున్నాయో లేదో చూడండి. ఇక్కడా నకిలీ రేకులకు కొదవ లేదు.

పెయింట్ మందం కొలిచే గేజ్ ఒకటి కొనుక్కుని వెంట తీసుకెళ్లడం మంచిదే. ఫ్యాక్టరీ పూత సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. దానికి రెండింతలు చూపిస్తే మళ్లీ పెయింట్ పడినట్టు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉన్నట్టు. కానీ ఇంత పాత కార్లలో మళ్లీ పెయింట్ పడనివి ఎన్నుంటాయి? కాబట్టి గేజ్ కంటే బీడింగ్ కింద వేలే ఎక్కువ చెబుతుంది. ఇంకోటి, ఆ కాలం క్రైస్లర్ ఎనామిల్ పూత కొంచెం కమలాతొక్కలా గరుగ్గా ఉండేది, అక్కడక్కడా కారిన చారలు కూడా ఉండేవి. అద్దంలా ఉన్న కారుని "ఒరిజినల్ పెయింట్" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి.

రంగొక్కటే ధర తేలుస్తుందనుకోవడమూ పొరపాటే. 2014లో మీకమ్ సియాటిల్ వేలంలో 1971 ప్లిమత్ హెమీ 'కుడా' కన్వర్టిబుల్ 35 లక్షల డాలర్లకు పోయింది. అది ఊదా కాదు, నారింజ కాదు, నీలం. అక్కడ పలికింది హెమీ అనే శక్తివంతమైన ఇంజన్, టాప్ లేని బాడీ, ఆ ఏడాది అలాంటివి అతి తక్కువ తయారవడం. మామూలు చిన్న 318 ఇంజన్ కారుకి ఎంత అరుదైన రంగున్నా అంతెత్తు ధర రాదు. పాతికేళ్ల కిందటైతే అందరూ దొరికిన కారుకల్లా ఎరుపో నలుపో కొట్టి అమ్మేవాళ్లు, దానికి రీసేల్ రెడ్ అని వెక్కిరింపు పేరు కూడా ఉంది. ఇప్పుడు గాలి తిరిగింది. పుట్టిన రంగులోనే ఉన్న గోధుమరంగు కారుని కూడా పట్టించుకునేవాళ్లు వచ్చారు. నాకైతే మంచి ముదురు ఆకుపచ్చ ఛాలెంజర్ ముందు ఊదా దిగదుడుపే, కానీ అది నా పిచ్చి.

రంగు మార్చిన కారు కొనకూడదని కాదు. ఆదివారం పొద్దున నడుపుకోడానికే అయితే, ఇంజన్ బాగుండి, అడుగున తుప్పు లేకపోతే శుభ్రంగా కొనుక్కోండి, ఆకుపచ్చ కారు ధరకి. తర్వాత మళ్లీ అసలు రంగు వేయించుకుంటాలే అని మాత్రం ధర ఒప్పుకోవద్దు. మావాడితో వచ్చిన మెకానిక్‌ని అడిగితే లెక్క చెప్పాడు. ఇంజన్ దింపాలి, అద్దాలు తీయాలి, ఊదా మొత్తం గీకాలి, దానికింద ఏ పుట్టీ బయటపడుతుందో దేవుడికే తెలియాలి. ఆ ఖర్చు, అమ్మేవాడు రంగు పేరుతో అడిగిన అదనపు డబ్బు కంటే ఎక్కువే అవుతుందన్నాడు.