జాగ్రత్త: సోలార్ వేడినీళ్ల లైనుకు మోటారు వాల్వు అని సొలినాయిడ్ అంటగడుతున్నారు

తిరుపతిలో రెండు మూడంతస్తుల ఇల్లు కట్టి, మిద్దె మీద సోలార్ పెట్టి, ఒక్కో పోర్షనుకు ఒక్కో కరెంటు వాల్వుతో వేడినీళ్లు విడగొట్టించుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. బిల్లులో "మోటారు వాల్వు" అని రాసి, పెట్టెలో సొలినాయిడ్ వాల్వు ఇస్తున్నారు. అది వాషింగ్ మిషన్‌లో నీళ్లు వదిలే రకం. కొన్నాళ్లకు పై పోర్షనులో వేడినీళ్లు ఆగిపోతాయి. అప్పుడు అమ్మినవాళ్లే వచ్చి "ట్యాంకు పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అంటారు. ఆ మాట మీద అడ్వాన్సు ఇవ్వకండి. ట్యాంకులో నీళ్లు కాలుతూనే ఉంటాయి, అడ్డం పడింది వాల్వు.

సొలినాయిడ్ ఎందుకు పనికిరాదో చూడండి. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆ పొరను పైకి లేపేది కరెంటు కాదు, నీటి ఒత్తిడే. కరెంటు చేసేదల్లా ఒక సన్నని రంధ్రాన్ని తెరవడం. లేబుల్ మీద 0.02 నుంచి 0.8 ఎంపీఏ (మెగాపాస్కల్, నీటి ఒత్తిడి కొలత) అని ఉంటే, కనీసం రెండు మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితేనే అది సరిగ్గా తెరుచుకుంటుందని అర్థం. మామూలు సోలార్ ట్యాంకుకు ప్రెజర్ పంపు ఉండదు. మిద్దె మీద స్టాండు మూడడుగులు, స్లాబు కింద షవరు ఇంకో మూడడుగులు, అంతా కలిపినా రెండు మీటర్లు రాదు. అందులో బెండులు, టీలు తినేది కొంత. అందుకే కింది అంతస్తులో ధారగా వచ్చే నీళ్లు పై అంతస్తులో బొట్లుబొట్లుగా వస్తాయి. ఈ తేడా కనిపించిందంటే ముందు వాల్వును అనుమానించండి, ట్యాంకును కాదు.

దానికి తోడు మన బోరు నీళ్లు. ఉప్పు నీళ్లు వేడెక్కితే, అందులోనూ 60 డిగ్రీలు దాటితే, సున్నపు గార చాలా తొందరగా పడుతుంది. సొలినాయిడ్‌లో రంధ్రం గుండుసూది మొనంత. ఒక్క గార పలుకు చాలు. అది ఇరుక్కున్న చోటును బట్టి వాల్వు తెరుచుకోకపోవచ్చు, తెరుచుకుంటే మూసుకోకపోవచ్చు. ఎండాకాలం వేడినీళ్లు ఎవరూ వాడరు కాబట్టి ట్యూబుల రకం సోలార్‌లో నీళ్లు 80, 90 డిగ్రీలదాకా పోతాయి. ప్లాస్టిక్ బాడీ, మామూలు రబ్బరు అక్కడే గట్టిపడి వంకర పోతాయి. మే నెలలో పాడవుతుంది, ధనుర్మాసంలో తెల్లవారుజామున స్నానానికి ట్యాపు తిప్పినప్పుడు బయటపడుతుంది.

కొనేటప్పుడు తేడా పట్టుకోవడం కష్టం కాదు. దుకాణంలోనే కరెంటు ఇప్పించి చూడండి. స్విచ్ వేయగానే "టక్" అని ఒక్క దెబ్బ వినిపిస్తే సొలినాయిడ్. సన్నగా రొద చేస్తూ కొన్ని సెకన్లు తీసుకుని తిరిగితే మోటారు వాల్వు. మోటారు వాల్వుల్లో మీకు పనికొచ్చేది బాల్ వాల్వు, అంటే లోపల రంధ్రమున్న గుండు తిరిగే రకం. ఒక కొస నుంచి కన్ను పెట్టి చూస్తే గుండు తొంభై డిగ్రీలు తిరిగి, గొట్టం ఈ కొస నుంచి ఆ కొసకు కనబడాలి. దీనికి కనీస ఒత్తిడి అంటూ అక్కర్లేదు. మీకు కావలసింది ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ బాడీ, టెఫ్లాన్ సీటు (గుండు ఆనుకునే చోటు), వేడినీళ్లకు పనికొచ్చే ఓ రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు). నీటి వేడి ఎంతవరకు ఓర్చుకుంటుందో అంకె బాడీ మీదో పెట్టె మీదో ఉండాలి. అది 90 కంటే తక్కువైతే వదిలేయండి. 24 వోల్టులదా 230దా కూడా చూసుకోండి. 24 వోల్టుల తలకు (వాల్వు పైన మోటారు ఉండే డబ్బాకు) నేరుగా ఇంటి కరెంటు ఇస్తే అక్కడికక్కడే కాలిపోతుంది, దానికి వారంటీ రాదు.

ఇప్పటికే బిగించి, వేడినీళ్లు రాని ఇంట్లో ఇలా చూడండి. ముందు మిద్దె మీద ట్యాంకు నుంచి నీళ్లు బయటికొచ్చే చోట యూనియన్ (విప్పి బిగించగలిగే పైపు జాయింటు) కొద్దిగా వదులు చేయించండి, చెయ్యి కాలకుండా జాగ్రత్త. అక్కడ వేడి నీళ్లు వస్తే ట్యాంకు, ట్యూబులు బాగున్నట్టే. యూనియన్ బిగించి, వాల్వు ఆన్‌లో ఉంచి, ట్యాపు తిప్పి, వాల్వుకు ముందు పైపు, తర్వాత పైపు తాకి చూడండి. ముందు కాలుతూ తర్వాత చల్లగా ఉంటే వాల్వు తెరుచుకోలేదు. ఆఫ్ చేసి ట్యాపు తిప్పినా తర్వాతి పైపు వేడెక్కుతుంటే మూసుకోవడం లేదు. ఎలక్ట్రీషియన్‌తో వాల్వు వైర్ల దగ్గర మీటరు పెట్టించండి. వోల్టేజి రాకపోతే తప్పు స్విచ్చులోనో, ట్రాన్స్‌ఫార్మర్‌లోనో, మిద్దె మీద ఎండకు పెళుసెక్కిన వైరులోనో ఉంది. వోల్టేజి వస్తున్నా వాల్వు కదలకపోతే కరెంటు పూర్తిగా తీసేసి, మరలు విప్పి తల పైకి లాగండి. బాల్ వాల్వులో దీనికి నీళ్లు ఖాళీ చేయక్కర్లేదు. కింద కనిపించే ఇత్తడి కాడను పటకారుతో నెమ్మదిగా పావు చుట్టు తిప్పండి. సులువుగా తిరిగితే తల పోయింది, తల ఒక్కటే మార్చండి. బిగుసుకుపోయి ఉంటే గుండుకు గార పట్టింది. బాడీ విప్పి, లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొన్ని గంటలు నానబెడితే గార వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయనివ్వకండి, ఇత్తడిని తినేస్తుంది.

స్ప్రింగు రకం తల (మోటారు తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది) ఉన్న వాల్వు పక్కన చిన్న పిడి ఉంటుంది. వాల్వు మూసి ఉన్నప్పుడు దాన్ని జరిపితే స్ప్రింగు ఎదురు తన్నినట్టు ఉండాలి, తెరిచి ఉన్నప్పుడు వదులుగా ఆడాలి. కరెంటు ఇచ్చి ఒక నిమిషం గడిచినా పిడి గట్టిగానే ఉంటే మోటారు పోయినట్టు. వేడినీళ్లను పైపుల్లో తిప్పే సర్క్యులేషన్ పంపు ఉన్న ఇంట్లో, వాల్వు తెరుచుకుంటున్నా ఆ పంపు ఆన్ కావడం లేదంటే తల లోపలి చిన్న స్విచ్చును అనుమానించండి. పంపుకు సిగ్నల్ ఇచ్చేది అదే.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు. ట్యాంకు గాలి గొట్టానికి గానీ, ట్యాంకుకు సేఫ్టీ వాల్వుకు మధ్య గానీ ఏ వాల్వూ పెట్టనివ్వకండి. గాలి గొట్టం మూసుకుంటే నీళ్లు దిగేటప్పుడు లోపలి ట్యాంకు సొట్టపడి ముడుచుకుపోతుంది, ఆవిరి కడితే చీలిపోతుంది. "గాలి గొట్టం నుంచి నీళ్లు కారుతున్నాయి, మూసేద్దాం" అనే ఫిట్టరును అక్కడే ఆపండి. కారడానికి కారణం సాధారణంగా చల్లనీళ్ల ట్యాంకు మట్టం గాలి గొట్టం కంటే ఎత్తున ఉండటమే.

కొత్తగా బిగించేటప్పుడు వాల్వుకు ముందు వై స్ట్రైనరు (గార పలుకులు పట్టే జల్లెడ), రెండు వైపులా యూనియన్లు, వాల్వు మొరాయించినా నీళ్లు వచ్చేలా పక్కగా చేత్తో తిప్పే బైపాస్ వాల్వు పెట్టించండి. పైపు సీపీవీసీ అయి ఉండాలి, తెల్ల యూపీవీసీ వేడికి మెత్తబడుతుంది. వేడినీళ్లు వాడని నెలల్లో కూడా వారానికోసారి వాల్వును ఆన్ ఆఫ్ చేయండి, గుండు అతుక్కోదు.

బిల్లులో "మోటరైజ్డ్ బాల్ వాల్వు", సైజు, వోల్టేజి, మోడల్ నంబరు రాయించుకోండి. "హాట్ వాటర్ వాల్వు" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి, తర్వాత గొడవపడితే నిలవదు. రాసిందొకటి, ఇచ్చిందొకటి అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, కేసు రెండేళ్లలోపు వేయాలి. మార్చిన పాత వాల్వును దుకాణంవాళ్లకు తిరిగి ఇవ్వొద్దు. లేబుల్ చెరిగిపోకముందే ఫొటో తీసి, బిల్లుతో పాటు సంచిలో వేసి పెట్టుకోండి.