మా నెల్లూరి ఇంట్లో నాలుగేళ్ల ఎనిమోన్: మేత తక్కువ, నీళ్ల పని ఎక్కువ

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల వాళ్లకు నీళ్లు టెస్ట్ చేసి ఇవ్వడం నా పని. రోజంతా ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసేవాడిని కదా, ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు నాకేం కష్టం అనుకున్నాను. 2021 జనవరిలో హాల్లో 250 లీటర్ల ట్యాంకు పెట్టాను. ఇప్పుడు అందులో జత క్లౌన్ చేపలు, ఒక బబుల్ టిప్ ఎనిమోన్ నుంచి చీలి తయారైన రెండు ఎనిమోన్లు ఉన్నాయి. ఎనిమోన్ అంటే రాయికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే సముద్రపు జీవి, క్లౌన్ చేపలు దాని మధ్యలో చేరి ఉంటాయి. ఎనిమోన్ పెంచాలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

ఇప్పుడున్నది రెండోసారి తెచ్చింది. మొదటిది ట్యాంకు పెట్టిన రెండు నెలలకే చెన్నైలో ఒక షాపులో కొన్నాను. మల్లెపువ్వులా తెల్లగా ఉంది, ఆ రకం అంతే అన్నారు. నిజానికి ఎనిమోన్ కణాల్లో కంటికి కనపడనంత చిన్న ఆల్గే, అంటే నాచు లాంటిది, ఉంటుంది. వెలుతురుతో అది తయారు చేసే ఆహారమే దానికి ముఖ్యమైన తిండి. ఆ ఆల్గే పోతే ఒళ్లు తెల్లబడుతుంది. అంటే నేను కొన్నది అప్పటికే ఆకలితో ఉన్న జీవి. మూడు వారాల్లో చచ్చిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కొనేటప్పుడు గోధుమ రంగో, ఆకుపచ్చో నిండుగా ఉందా, నోరు మూసుకుని ఉందా, రాయికి అతుక్కునే అడుగు భాగం, అంటే పాదం, చిరగకుండా ఉందా చూడండి. ట్యాంకుకు కనీసం ఆరేడు నెలలు నిండాకే తెచ్చుకోండి. రెండోది నేను అక్టోబర్‌లో తెచ్చాను.

ఇక మేత. మొదట్లో ప్రేమకొద్దీ రోజూ సగం రొయ్య పెట్టేవాడిని. ఎనిమోన్ తన టెంటకిల్స్‌తో, అంటే చేతుల్లాంటి వేళ్లతో, పట్టుకుని, ముడుచుకుని మింగేది. చూడటానికి భలే ఉండేది. అర్ధరాత్రి దాటాక జిగురుతో సహా కక్కేసేది. నెల తిరిగేసరికి నీళ్లలో మురికి పెరిగిందని చెప్పే నైట్రేట్ 40 పీపీఎం దాటింది, ఎనిమోన్ చిన్నదైపోయింది. చెరువు గట్టు మీద రైతులకు నేను చెప్పే మాటే అప్పుడు గుర్తొచ్చింది. మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే తర్వాతి పూట తగ్గించాలి. ఎనిమోన్ కక్కడం కూడా చెక్ ట్రేలో మేత మిగలడమే.

అప్పటి నుంచి శనగగింజంత ముక్క, వారానికి రెండుసార్లు పెట్టాను. బాగా కోలుకున్నాక వారానికి ఒక్కసారే. రొయ్య పొట్టు తీసి, ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. పెట్టేముందు ఐస్ పూర్తిగా కరగాలి. నీళ్లు తోసే వేవ్‌మేకర్ పది నిమిషాలు ఆపి, పొడవాటి ప్లాస్టిక్ పటకారుతో ముక్కను టెంటకిల్స్‌కు తాకిస్తాను. నోట్లో కుక్కకూడదు, అదే పట్టుకుని తీసుకుంటుంది. క్లౌన్ చేపలకు ముందే కడుపు నింపాలి, లేదంటే లాక్కుపోతాయి. మా పెద్ద చేప మాత్రం తన ముక్కను తెచ్చి ఎనిమోన్‌లో పెడుతుంది. నాలుగేళ్లయినా అది చూడటం నాకు విసుగు రాలేదు.

మైపాడులో పావు కిలో సముద్రపు రొయ్యలు కొంటే నెలలు వస్తాయి. 'ఏంది అబ్బయా, ఇంటిల్లిపాదికీ పావు కిలోనేనా?' అంటుంది అమ్మే పెద్దమ్మ. చెరువు రొయ్యను నేను వాడను, ఏ మందులు పడ్డాయో తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది. రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ ఎనిమోన్‌ను ఏమీ చేయదు కానీ ఫ్రీజర్‌లో పెట్టినా అది చావదు. సముద్రపు రొయ్యల్లోనూ ఉండొచ్చు. ట్యాంకులో క్లీనర్ రొయ్య (చేపల ఒంటిని శుభ్రం చేసే చిన్న రొయ్య) పెంచేవాళ్లు పచ్చి రొయ్య బదులు చేప ముక్క పెట్టడం మేలు.

ఎనిమోన్‌కు నోరు, విసర్జనకు దారి ఒక్కటే. అందుకే అప్పుడప్పుడు గోధుమ రంగు దారాల్లాంటివి నోట్లోంచి వదిలి, ఒక పూట ముడుచుకుంటుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. నోరు తెరిచినట్టే ఉండిపోయి లోపలి భాగం బయటికొచ్చి, కుళ్లిన వాసన వస్తుంటే మాత్రం వెంటనే తీసేయాలి. ఒక్క రాత్రిలో ట్యాంకు మొత్తం పాడవుతుంది.

నీళ్ల విషయంలో నా వృత్తి కొంత మోసం చేసింది. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య లీటరుకు పది గ్రాముల ఉప్పుకీ ఇరవైకీ సర్దుకుంటుంది. ఎనిమోన్ సర్దుకోదు, 35 దగ్గర నిలకడగా ఉండాలి. మొదట మైపాడు నుంచి క్యాన్లలో సముద్రం నీళ్లే తెచ్చాను. అక్టోబర్ వానలు మొదలై పెన్నలోకి నీళ్లు వచ్చాక ఒడ్డు నీటిలో ఉప్పు పడిపోయింది, బురద కూడా. ఇప్పుడు ఫిల్టర్‌తో కరిగిన లవణాలన్నీ తీసేసిన, టీడీఎస్ మీటరు సున్నా చూపించే ఆర్వో డీఐ నీటిలో మెరైన్ ఉప్పు కలుపుకుంటున్నాను. రోజూ ఆవిరయ్యే రెండు లీటర్లకు బదులు ఉప్పు కలపని ఆర్వో డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరవదు కదా. ఇంకా, చేపలకు జబ్బు చేస్తే రాగి ఉన్న మందు ఈ ట్యాంకులో చుక్క కూడా వేయకండి.

అన్నిటికంటే పెద్ద పరీక్ష మన ఎండలు. 2022 మే నెలలో, రోహిణి కార్తెలో ట్యాంకు 32 డిగ్రీలకు చేరింది. ఎనిమోన్ పాలిపోయింది. ఫ్యాన్లు పెడితే రెండు డిగ్రీలు తగ్గింది, మన సముద్రపు ఉక్కపోతలో అంతకంటే తగ్గదు. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్ కొన్నాను, ట్యాంకు కంటే దానికే ఎక్కువైంది. 26 దగ్గర పెట్టాక రంగు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ చిల్లర్‌కు డబ్బు లేకపోతే ఎనిమోన్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో 19 గంటలు కరెంటు లేదు. ఇన్వర్టర్ సగంలోనే అయిపోయింది. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు వంతులవారీగా నడిపి, నేనూ మా ఆవిడా రాత్రంతా మేలుకున్నాం. ఆ రెండు రోజులూ దేనికీ మేత వేయలేదు.

ఎనిమోన్ నడుస్తుందని తెలియక ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. వెలుతురు చాలకో, నీటి తోపు నచ్చకో చోటు మార్చుకుంటూ వేవ్‌మేకర్ దాకా పోయి టెంటకిల్స్ కోసుకుంది. వేవ్‌మేకర్‌కు స్పాంజి కవర్ తొడిగి, రాళ్ల మధ్య లోతైన సందు చేసిచ్చాను. లైటు కొంచెం పెంచాక అక్కడే పాదం దించుకుని కుదురుకుంది. నా క్లౌన్లు ఓసెల్లారిస్ రకం, సముద్రంలో అవి ఈ రకం ఎనిమోన్‌లో ఉండవు. మా ఇంట్లో రెండు నెలలకు దాంట్లో చేరాయి. రానే రాకపోయినా దిగులు పడకండి, చేప లేకుండా కూడా ఎనిమోన్ బతుకుతుంది.

నిరుడు అది రెండుగా చీలింది. ఒకటి ఒంగోలులో ఉన్న స్నేహితుడు అడుగుతున్నాడు. అతని ట్యాంకుకు ఇప్పుడు ఐదో నెల. వారం వారం ఉప్పు శాతం, నైట్రేట్, మధ్యాహ్నం పూట నీటి వేడి రాసి ఫోన్‌లో పంపమన్నాను. నిన్న పంపినదాంట్లో 29 డిగ్రీలు ఉంది. చిల్లర్ బిగించాక రమ్మన్నాను.