రెడీమేడా, దర్జీ దగ్గరా? తక్కువ జీతంలో తీరుగా కనిపించాలంటే ఏది మేలు?

మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లకు హాస్టల్ అద్దె, బస్ పాస్, ఇంటికి పంపేది పోను బట్టలకు మిగిలేది చాలా కొంచెం. ఆ కొంచెంతోనే ఆఫీసులో నలుగురి మధ్య తలెత్తుకుని కూర్చోవాలి. చిన్న ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో, విజయవాడకో వచ్చిన పిల్లలకు ఇది ఎంత బెంగో నాకు తెలుసు. పని వచ్చినా, బట్టల దగ్గర జంకి వెనక వరసలో కూర్చునే పిల్లల్ని చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని పైపైన కాకుండా డబ్బుల లెక్కతో చూడాలి.

సాధారణంగా మన ముందుండే దారులు రెండు. తగ్గింపులో రెడీమేడ్ కొనుక్కోవడం, లేదంటే గుడ్డ తెచ్చి కుట్టించుకోవడం. మూడో దారి ఒకటుంది: ఉన్నదాన్నే ఆల్టరేషన్ చేయించుకోవడం. దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా తెచ్చేది మాత్రం అదేనని నా గట్టి నమ్మకం. మూడు వేల రూపాయల కుర్తీ భుజాల మీంచి జారుతుంటే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఐదు వందలదైనా ఒంటికి కుదిరి, ఇస్త్రీ చేసి ఉంటే చూసేవాళ్లు ధర గురించి ఆలోచించరు.

రెడీమేడ్ ఎక్కడ గెలుస్తుంది?

కళ్లతో చూసి, వేసుకుని, నచ్చితేనే డబ్బిస్తాం. ఎల్లుండి ఇంటర్వ్యూ అంటే ఇంకో మార్గమే లేదు. జీన్స్, టీషర్టులు, స్వెట్టర్లు, లోదుస్తులు, లెగ్గింగ్‌లు ఎలాగూ రెడీమేడే కొనాలి, వాటి గురించి చర్చ అనవసరం.

చిక్కల్లా చొక్కాలు, కుర్తీలు, ఫార్మల్ ప్యాంట్ల దగ్గర వస్తుంది. కంపెనీలు ఎం, ఎల్, ఎక్సెల్ అని కొన్ని కొలతలకే కుడతాయి. ఛాతీ సరిపోతే నడుము వదులు, నడుము సరిపోతే చంక దగ్గర బిగుతు. పైగా ఒక బ్రాండు ఎం ఇంకో బ్రాండులో ఎల్ అంత ఉంటుంది. కాబట్టి ట్రయల్ రూమ్‌లో అన్నిటికంటే ముందు చూడాల్సింది భుజం. చేతిని అతికించిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. నడుము పట్టించవచ్చు, పొడవు తగ్గించవచ్చు, చేతులు కురచ చేయించవచ్చు. భుజం జారితే మాత్రం చేతులు విప్పి, కత్తిరించి, మళ్లీ అతకాలి. అది దాదాపు కొత్తది కుట్టినంత పని, చాలామంది దర్జీలు ఒప్పుకోరు. భుజం కుదరనిది సగం ధరకి ఇస్తున్నా కొనొద్దు.

తర్వాత గుడ్డ. చవక కుర్తీల్లో ఎక్కువగా కనిపించేవి రేయాన్, పాలిస్టర్. రేయాన్ కొత్తలో మెత్తగా, జారుతూ ఎంతో బాగుంటుంది. కానీ తడిస్తే దాని పోగు బలం బాగా తగ్గిపోతుంది. బండ మీద బాది, గట్టిగా పిండితే తొందరగా ఆకారం చెడుతుంది. కొనేవాళ్లు చల్లటి నీళ్లలో ముంచి, పిండకుండా నీడలో ఆరేసుకోవాలి. పాలిస్టర్ ముడత పడదు, సులువుగా వెలిసిపోదు. అయితే అది చెమటని పీల్చదు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమని పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మే నెలలో విజయవాడలో బస్సు దిగి పది నిమిషాలు నడిచి ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఈ తేడా మధ్యాహ్నానికల్లా ఒంటి మీద తెలిసిపోతుంది. నడుమ దారి టెర్రీకాటన్, అంటే పాలిస్టర్, నూలు కలిపి నేసినది. ఇస్త్రీకి రోజూ టైము దొరకనివాళ్లకి అదే నయం.

ఎప్పుడు కొనాలన్నది కూడా డబ్బే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బేరాలు పడిపోతాయి. అందుకే షాపులవాళ్లు ఆ నెలలో పాత సరుకు తగ్గించి అమ్మేస్తారు. ఏడాదికి కావలసిన నూలు కుర్తీలు, చొక్కాలు అప్పుడు తీసుకోవడం తెలివైన పని. పండగ ముందు కొనేవాళ్లకి రద్దీ ఎక్కువ, ఏరుకునే తీరిక తక్కువ.

కుట్టించుకుంటే?

గుడ్డ కొనడం నేర్చుకుంటే ఇందులో మిగులు చాలా ఉంది. విజయవాడ వస్త్రలతలో, రాజమండ్రి తాడితోటలో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తిరిగితే ఒకే రకం గుడ్డకి రెండు మూడు ధరలు కనిపిస్తాయి. మీటరు ధర అడిగే ముందు పన్నా ఎంతో, అంటే గుడ్డ వెడల్పెంతో అడగండి. 36 అంగుళాల పన్నాలో మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి సుమారు రెండుంబావు మీటర్లు పడుతుంది. 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు సరిపోతుంది. మీటరు చవకగా ఉందని సన్న పన్నా గుడ్డ తెస్తే ఇంటికొచ్చాక లెక్క తిరగబడుతుంది. ప్యాంటుకి 58 పన్నాలో 1.3 మీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది.

చేనేత కావాలనుకునేవాళ్లకి మంగళగిరి నూలు గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. ప్లెయిన్ గుడ్డకి సన్నటి అంచు ఉన్నది తీసుకుంటే ఆఫీసుకి ఎంతో హుందాగా ఉంటుంది. ఆగస్టు 7ని 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు, ఆ రోజుల్లో చేనేత ప్రదర్శనలు పెడుతుంటారు. నేసినవాళ్ల దగ్గరే కొనడానికి అది మంచి సమయం. హ్యాండ్లూమ్ మార్క్ ముద్ర ఉందో లేదో చూసుకోండి. మరమగ్గం గుడ్డని చేనేతగా అంటగట్టేవాళ్లు ఉన్నారు. నూలు గుడ్డ ఏదైనా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే దర్జీకి ఇవ్వాలి. లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది.

దర్జీ వల్ల ఇంకో పెద్ద లాభం లోపలి గుడ్డ. పక్క కుట్లలో అంగుళం, అంగుళంన్నర గుడ్డ వదిలి కుట్టమని చెప్పండి. ఒళ్లు వచ్చినా, ప్రసవం తర్వాతైనా, ఒక కుట్టు విప్పితే ఆ బట్ట మళ్లీ పనికొస్తుంది. చవక రెడీమేడ్‌ని తిరగేసి చూడండి, చాలావాటిలో అర అంగుళం కూడా ఉండదు. ఒకసారి బిగుతైతే ఇక పక్కన పడేయాల్సిందే. బట్ట నాలుగైదేళ్లు ఉండాలనుకునే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలప్పుడు దర్జీ చెప్పిన తేదీని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకూడదు. కొత్త దర్జీకి ముందే మంచి గుడ్డ ఇవ్వకండి. ఒక మామూలు బిట్టు కుట్టించి చూసి, మెడ, చంక, భుజం కుదిరితే అప్పుడు ఇవ్వండి. ఒంటికి బాగా కుదిరిన పాతదాన్ని ఆదిగా ఇస్తే టేపు కొలతల కన్నా నమ్మకం. చీర కట్టేవాళ్ల జాకెట్టుకైతే పోలికే అక్కర్లేదు, కుట్టించాల్సిందే. చీర ఎంత మామూలుదైనా జాకెట్టు కుదిరితే ఆ మనిషి తీరే మారిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ ఊరి ధరలు వేరుగా ఉండొచ్చు, వాటిని ఇందులో వేసుకోండి. రేయాన్ రెడీమేడ్ కుర్తీ 500 రూపాయలు, ఇరవైసార్లు వేసుకునేసరికి కళ తప్పిందనుకుందాం. ఒక్కోసారికి 25 రూపాయలు పడింది. మీటరు 180 చొప్పున రెండున్నర మీటర్ల నూలు గుడ్డ 450, కుట్టుకూలి 350, మొత్తం 800. అరవైసార్లు వేసుకుంటే ఒక్కోసారికి 13 రూపాయల చిల్లర. ఆషాఢంలో 600కి నూలు రెడీమేడ్ కొని, 80 రూపాయలిచ్చి నడుము పట్టించి, యాభైసార్లు వేసుకుంటే అదీ 13 రూపాయల చిల్లరే. పన్ను వైపు నుంచి మొగ్గు ఎటూ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల లోపు రెడీమేడ్ దుస్తులకి జీఎస్టీ 5 శాతం, గుడ్డకీ అంతే.

ఉన్నదాన్ని సరిచేయించుకోవడం

బీరువాలో మడతపెట్టి ఉన్నవాటిలో సగం కుదరక పక్కన పెట్టినవే ఉంటాయి. కొత్తది కొనే ముందు వాటిని అద్దం ముందు ఒక్కొక్కటిగా వేసుకుని చూడండి. బట్టల బజార్ల దగ్గర ఒక మిషను పెట్టుకుని ఆల్టరేషన్లు చేసే దర్జీలు కూర్చుని ఉంటారు, గంటలో ఇచ్చేస్తారు. చొక్కా పక్కలు పట్టించడం, ప్యాంటు కింద మడిచి బూటు మీద గుడ్డ కుప్ప పడకుండా చేయించడం, విరిగిన గుండీల స్థానంలో మొత్తం ఒకే రకం గుండీలు మార్పించడం: ఈ మూడే పాత చొక్కా, ప్యాంటులకి కొత్త ప్రాణం పోస్తాయి.

అమ్మ నూలు చీర ఒకటి అడిగి తీసుకోండి. అయిదున్నర మీటర్ల చీరలో ఒక కుర్తీ, ఒక చున్నీ హాయిగా వస్తాయి. అంచు చేతుల చివర వచ్చేలా కత్తిరించమంటే కొన్న బట్టలో దొరకని అందం వస్తుంది. పాత పట్టుచీర అయితే ముందు మడతల దగ్గర వెలుతురుకి పట్టి చూడాలి. అక్కడ పోగులు చీలుతుంటే ఎంత మంచి లైనింగ్ వేసినా నిలవదు, ఆ కూలి దండగ.

చేతిలో మూడు వేలు ఉన్నాయి, ఏం చేయమంటారని ఒక కొత్త ఉద్యోగిని నన్ను అడిగితే ఇలా చెబుతాను. ప్లెయిన్ నూలు కుర్తీలు రెండు కుట్టించుకో, 1600. తగ్గింపులో ఒక రెడీమేడ్ కొని నడుము పట్టించుకో, 680. ఇంట్లో ఉన్నవాటిలో రెండిటిని సరిచేయించు, 160. మిగిలిన 560లో నలుపు ఒకటి, లేత గోధుమరంగు ఒకటి లెగ్గింగ్‌లు వచ్చేస్తాయి, రెండూ ఆ ఐదింటి మీదకీ వెళ్లే రంగులే. అబ్బాయిలైతే కుర్తీల బదులు లేత నీలం, తెలుపు చొక్కాలు, లెగ్గింగ్‌ల డబ్బు ముదురు రంగు ప్యాంటు బిట్టుకి, కుట్టుకూలికి. అది చాలకపోతే రెడీమేడ్ చొక్కాని వచ్చే నెలకి వాయిదా వేసుకోవచ్చు.

ఇస్త్రీ పెట్టె హాస్టల్ గదిలో నలుగురు కలిసి కొనుక్కోండి, రోజూ బండి దగ్గర ఇచ్చే డబ్బు కొన్ని నెలల్లోనే తిరిగొస్తుంది. నూలు బట్టకి పల్చటి గంజి పెట్టి, నీడలో ఆరేసి, కాస్త నీళ్లు చిలకరించి చుట్టిపెట్టి, తడి సమంగా పట్టాక ఇస్త్రీ చేయండి. కాలరు, చేతుల చివర్లు, గుండీల పట్టీ ముందు రుద్ది, మిగతాది తర్వాత. ఉదయం టైము లేకపోతే ఆ మూడు చోట్లే రుద్దుకుని బయల్దేరినా సరిపోతుంది.