జాగ్వార్ ఫోటో ట్రిప్‌కు డబ్బు కడుతున్నారా? పడవలో ముందు సీటు ఎవరిదో ముందే రాయించుకోండి

బ్రెజిల్ నుంచి దిగి నాలుగు రోజులైంది. లెన్స్ హుడ్ సందుల్లో అక్కడి మట్టిరోడ్డు దుమ్ము ఇంకా అలాగే ఉంది. నిన్న రాత్రి, మమ్మల్ని అక్కడికి ఫోటో ట్రిప్‌కు తీసుకెళ్లిన లీడర్ గారి వచ్చే ఏడాది ట్రిప్ బ్రోచర్ వాట్సాప్‌లో వచ్చి పడింది. కవర్ మీద, ఒడ్డు మీంచి గుర్రపుడెక్కలోకి దూకుతున్న ఆడ జాగ్వార్, చిరుతను పోలిన పెద్దపిల్లి. ముందు కాళ్లు గాల్లో ఉన్నాయి, కింద కైమాన్ (అక్కడి మొసలి లాంటిది) తోక కనిపిస్తోంది. మంచి ఫోటో, కాదనను. అది తీసింది పడవ ముందు సీట్లోంచి. ఆ రోజు ఆ సీటు వంతు నాది.

పేరు రాయను. తడోబా, కబిని అంటూ పులుల అడవుల్లో కెమెరాతో తిరిగే మనవాళ్లలో చాలామందికి రాయకుండానే అర్థమవుతుంది. "పాంటనాల్ జాగ్వార్ ఎక్స్‌పెడిషన్, 100 శాతం సైటింగ్ గ్యారంటీ, పడవకు నలుగురే" అని తిప్పుతున్నాడు చూడండి, అతనే. విమానం ఖర్చు కాకుండా 5,80,000 కట్టాను. కట్టేముందు ఒక్క ప్రశ్న సరిగ్గా అడగలేదు. కొత్త లెన్స్ కొనాలంటే ఇరవై రివ్యూలు చదువుతా, ఇక్కడ మాత్రం ఆ 100 శాతం చూడగానే బుర్ర పక్కన పెట్టేశా.

ముందు ఆ గ్యారంటీ సంగతి చూద్దాం. పాంటనాల్ అంటే బ్రెజిల్‌లోని పెద్ద చిత్తడి నేల. జూలై నుంచి అక్టోబర్ దాకా అక్కడ పోర్టో జోఫ్రే రేవు దగ్గర నదిలో మూడు నాలుగు రోజులు గడిపితే జాగ్వార్ కనపడకపోవడమే వింత. వానల్లేని ఆ నెలల్లో వరద నీళ్లు తీసేస్తాయి, కాపిబారాలు (పందంత ఉండే ఎలుక జాతి జంతువులు), కైమాన్లు నది ఒడ్డుకు చేరతాయి, వాటి కోసం జాగ్వార్ పట్టపగలే ఒడ్డెంబడి తిరుగుతుంది. ఏళ్ల తరబడి చూసీ చూసీ అక్కడి జంతువులకు పడవలంటే లెక్కే లేదు. పైగా ఒక పడవకు కనిపిస్తే చాలు, రేడియోలో మిగతా పడవలన్నిటికీ తెలిసిపోతుంది. అంటే గ్యారంటీ ఇస్తున్నది ఆగస్టు నెల, కుయాబా నది, అక్కడి బోటు నడిపేవాళ్లు. హైదరాబాద్‌లో కూర్చుని బ్రోచర్ వేసినవాడు కాదు. జాగ్వార్ కనపడటానికి ఎవరికీ లక్షలు పోయక్కర్లేదు. మనం డబ్బు పోసేది మంచి వెలుతురులో నీటి మీద ఉండే గంటలకి, ఎదురుగా అడ్డం లేని సీటుకి, పైకీ కిందికీ తిరగడానికి సరిపడా పెట్రోలుకి. ఆ మూడిట్లోనూ నాకు శఠగోపమే.

బస సంగతి. బ్రోచర్లో "పోర్టో జోఫ్రే రీజియన్ లాడ్జ్" అని రాశాడు. ఆ రీజియన్ అన్న మాట దగ్గరే నేను ఆగాల్సింది. కుయాబా ఎయిర్‌పోర్ట్ నుంచి పొకోనే 100 కిలోమీటర్లు, తారు రోడ్డు. పొకోనే దాటాక ట్రాన్స్‌పాంటనెయిరా మొదలవుతుంది. 145 కిలోమీటర్ల మట్టిరోడ్డు, వందకు పైగా వంతెనలు, రోడ్డు చివర నది ఒడ్డున పోర్టో జోఫ్రే. మా లాడ్జ్ ఆ రోడ్డుకు సగంలో ఉంది. పక్షులకి ఆ సగం స్వర్గం. జబిరు కొంగలు, నీలం మకావ్ చిలకలు గది బయటే దొరుకుతాయి, ఆ లాడ్జ్‌ని నేనొక్క మాట అనను. కానీ మేం వెళ్లింది జాగ్వార్ కోసం, జాగ్వార్ పడవలేమో ఇంకో 70 కిలోమీటర్ల అవతల.

దాని ఫలితం ఎలా ఉంటుందో లెక్క చూడండి. ఆగస్టులో అక్కడ దాదాపు ఆరుకు తెల్లారుతుంది, అయిదున్నర దాటాక పొద్దు గుంకుతుంది. పనికొచ్చే వెలుతురు పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం మూడు నుంచి అయిదున్నర. కలిపితే అయిదున్నర గంటలు. రేవు పక్కనే ఉన్న లాడ్జ్‌ల వాళ్లు, నీటి మీదే తేలే హోటళ్ల వాళ్లు ఆరుకల్లా పడవెక్కుతారు. మేం టిఫిన్ చేసి వ్యానెక్కి, గతుకుల్లో రెండు గంటలు ఊగి, పడవ కదిలేసరికి ఎనిమిదింబావు. సాయంత్రం నాలుగుకల్లా మళ్లీ రేవులో దిగాలి, చీకట్లో ఆ రోడ్డు మీద నడపనని వ్యాన్ డ్రైవర్ తెగేసి చెప్పాడు. అతను చెప్పింది న్యాయమే, రాత్రి రోడ్డు మీద కాపిబారాలు పడుకుంటాయి. మొత్తానికి రోజుకు మాకు దక్కిన మంచి వెలుతురు గంటా ముప్పావు. మిగతాదంతా నడినెత్తిన ఎండ, చెట్ల కింద చారల నీడలు, ఆ చుక్కల చర్మం మీద ఇంకో వెయ్యి చుక్కలు. ఆ ఫైళ్లు లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత పిండినా ఏమీ రాదు.

అయిదు రోజుల్లో ఒక రోజు దక్షిణపు చలిగాలి కొట్టింది. అక్కడివాళ్లు ఫ్రియాజెమ్ అంటారు. ముందు రోజు చెమట కారిన చోట మర్నాడు జాకెట్ వేసుకుని వణికాం. అలాంటి రోజు జంతువులు ఒడ్డుకు రావు. దానికి లీడర్‌ని అనడం అన్యాయం, వదిలేస్తున్నా.

పడవకు నలుగురన్నాడు కదా, ఎక్కింది ఏడుగురం. లీడర్‌తో, బోటు నడిపే అతనితో కలిపితే తొమ్మిది. అవి సన్నటి అల్యూమినియం పడవలు. ఒకడు కాలు కదిపితే పడవంతా ఊగుతుంది. నలుగురుంటే ఎవరి కుర్చీలో వాళ్లు తిరుగుతారు, ఎడమ ఒడ్డున ఉన్నా కుడి ఒడ్డున ఉన్నా అందరికీ అందుతుంది. ఏడుగురుంటే వెనక వరుసకి దొరికేవి ముందు వరుస టోపీలు. 400 మిల్లీమీటర్ల లెన్స్‌లో పక్కవాడి చెవి కూడా పెద్ద మబ్బులా ఫ్రేమ్ మూలన వచ్చి కూర్చుంటుంది. దీనికి మందుగా లీడర్ గారు "రోజూ సీట్లు మారతాం" అన్నారు. నాలుగో రోజు ముందు సీటు నాది అని గ్రూప్‌లో ఆయనే పెట్టారు.

నాలుగో రోజు మూడుంబావు. రేడియోలో "ఓన్సా, ఓన్సా" అని కేక. ఓన్సా అంటే జాగ్వార్. అదృష్టం కొద్దీ మలుపు అవతలే. మేం వెళ్లేసరికి నాలుగు పడవలున్నాయి. మా బోటు అతను ఇంజిన్ ఆపి, పడవ ముక్కుని గుర్రపుడెక్కలోకి దూర్చి ఆపాడు, ఇంత కూడా ఊగకుండా. నిజమైన పనిమంతుడు. ఆడ జాగ్వార్ ఒడ్డు మీద గడ్డిలో నేలకు అతుక్కుపోయి ఉంది, వీపు ఎముకలు మాత్రం కదులుతున్నాయి. కింద ఆకుల్లో కైమాన్ ముక్కు. పాతిక మీటర్లుంటుందేమో. వెలుతురు మా వెనక నుంచి నేరుగా దాని మొహం మీద పడుతోంది.

అప్పుడు లీడర్ గారు వెనక నుంచి 600 ప్రైమ్ లెన్స్ పట్టుకుని వచ్చారు. నా భుజం మీద చెయ్యేసి, "సార్, ఒక్క నిమిషం, యాంగిల్ చూపిస్తా, జరగండి" అన్నారు. నేర్పిస్తాడు కాబోలనుకుని జరిగా. జరగడం నా బుద్ధితక్కువ. ఆయన కూర్చున్నారు. ఆ ఒక్క నిమిషం పదకొండు నిమిషాలైంది, నా ఫైళ్ల టైమ్ చూసి చెబుతున్నా. జాగ్వార్ దూకింది. ఆయన షట్టర్ సెకనుకు 20 ఫ్రేముల చొప్పున కొడుతూనే ఉంది. నా వైపు నుంచి దొరికింది ఆయన వీపు, జాకెట్ మీద ఆయన కంపెనీ లోగో, లోగో పక్కనుంచి కొంచెం తోక. వెనక ఒకావిడ లేచి నిలబడబోతే ఆయన తల తిప్పకుండానే, "కదలకండమ్మా, బోటు ఊగుతోంది" అన్నారు. జాగ్వార్ కైమాన్ తల వెనక కరిచి పట్టుకుని ఒడ్డు మీదికి లాక్కెళ్లింది, గడ్డిలో కలిసిపోయింది. అప్పుడు లేచి, స్క్రీన్ చూసుకుంటూ నాతో అన్న మాట ఇది: "మీకూ వచ్చే ఉంటుంది సార్, క్రాప్ చేస్కోండి."

ఏం క్రాప్ చేయమంటారు సార్, మీ వీపునా?

రాత్రి భోజనాల దగ్గర అడిగా. "వైల్డ్‌లైఫ్ అంటే ఓపిక ఉండాలి సార్" అని అందరి ముందూ నవ్వాడు. 5,80,000 పోసి, రెండు రోజులు విమానాల్లో పడి వెళ్లినవాళ్లకి ఓపిక గురించి క్లాసు!

మర్నాడు పెట్రోలు గొడవ. జాగ్వార్లు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి, ఒక్కోసారి ట్రెస్ ఇర్మావోస్ నది పైదాకా పోవాలి. ఆ రోజు రేడియోలో రెండు పిల్లలతో తల్లి కనిపించిందని వచ్చింది, ఎగువన చాలా దూరం. బోటు అతను లీడర్ వైపు చూశాడు. లీడర్ మా వైపు చూశాడు. ప్యాకేజీలో రోజుకు ఇన్ని లీటర్లే అట, ఆపైన వెళ్లాలంటే మనిషికి 60 డాలర్లు, అదీ క్యాష్. ముగ్గురి దగ్గరే డాలర్లున్నాయి. పోర్టో జోఫ్రేలో ఏటీఎం ఉండదు, ఆఖరి ఊరు పొకోనేయే. ఈ మాట పొకోనేలో ఆగినప్పుడు చెప్పొచ్చుగా? అక్కడ ఆగి మాతో కొబ్బరినీళ్లు తాగించారు. తల్లీపిల్లల్ని మేం చూడలేదు.

ఇంటికొచ్చాక చేసిన పని పోయేముందు చేసుంటే ఇదంతా ఉండేదే కాదు. అతని పేజీలో "మా మూడేళ్ల ట్రిప్పుల నుంచి" అని మూడు ఫోటోలున్నాయి. పులికి చారలెలాగో జాగ్వార్‌కి ఒంటి మీద పువ్వుల్లాంటి మచ్చలు అలాగ, ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. పోర్టో జోఫ్రేలో జాగ్వార్ ఐడెంటిఫికేషన్ ప్రాజెక్ట్ వాళ్లు ఆ మచ్చలు పట్టుకునే ఒక్కోదాన్ని గుర్తుపట్టి పేరు పెడతారు. మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశా. నుదుటి మీద అవే మచ్చలు, వెనక అదే విరిగిన కొమ్మ, ఆ కొమ్మ మీద అదే ఎండు తీగ. మూడేళ్లు కాదు, ఒకే పూట. తడోబాలో చార చూసి పులి పేరు చెప్పే నేను, డబ్బు కట్టేటప్పుడు ఈ కొమ్మ చూడలేకపోయా.

సామాన్ల లిస్టులోనూ దొరికిపోయేవాడే. ట్రైపాడ్, దాని మీద బరువు లెన్స్ తిప్పే గింబల్ హెడ్ తెమ్మన్నాడు. ఊగే పడవలో ట్రైపాడ్ ఎక్కడ పెడతాం? ఇంజిన్ అదురంతా కాళ్లలోంచి లెన్స్‌లోకే ఎక్కుతుంది. అక్కడ కావాల్సింది చేత్తో పట్టే 100-400 లాంటి జూమ్, పడవ అంచు మీద ఆనించడానికి బీన్‌బ్యాగ్, మహా అయితే మోనోపాడ్. షట్టర్ స్పీడు సెకనులో వెయ్యో వంతుకి తగ్గకూడదు. ట్రైపాడ్ రాసినవాడు వేరే ఏదో దాక్కునే గుడారం ట్రిప్ లిస్టుని ఇక్కడ అతికించాడన్నమాట. నేను మూడు కిలోలు మోసుకెళ్లి, మూడు కిలోలూ మోసుకొచ్చా.

డబ్బు వెనక్కి అడిగా. రసీదు చూడమన్నాడు. చూశా. "ఫోటోగ్రఫీ మెంటారింగ్ ఫీజు, తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. ట్రిప్ అన్న మాటే లేదు, బస లేదు, పడవ లేదు. కట్టిందేమో అతని సొంత ఖాతాకి, యూపీఐలో లక్ష చొప్పున, రోజుకొకటి. బ్యాంక్ వాళ్లు మీరే పంపారు కదా అన్నారు, నిజమే కదా. ఇప్పుడు వచ్చే ఏడాదికి పది శాతం తగ్గింపు ఇస్తానంటున్నాడు. ముందు సీటు ఎవరిదో అడిగితే నీలం టిక్కులు పడి ఊరుకున్నాయి.

వెళ్లేవాళ్లు వెళ్లండి, చోటు మాత్రం అద్భుతం, దాని తప్పేమీ లేదు. లాడ్జ్ పేరు, అది రేవు నుంచి ఎన్ని కిలోమీటర్లో, పడవలో ఎంతమంది, పొద్దున ఎన్నింటికి కదులుతుంది, పెట్రోలుకి హద్దు ఉందా, లీడర్ కెమెరా బయటికి తీస్తాడా, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకోండి. బ్రెజిల్ వైపు ఎవరు నడుపుతున్నారో అడిగి, వాళ్ల సీఎన్‌పీజే నంబర్ (అక్కడి కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుని, టూరిజం సంస్థల్ని నమోదు చేసే అక్కడి టూరిజం శాఖ కడాస్టుర్ జాబితాలో ఉందో లేదో చూడండి, నెట్‌లోనే ఉంటుంది. కుదిరితే నేరుగా వాళ్లకే క్రెడిట్ కార్డులో కట్టండి, గొడవైతే కార్డు బ్యాంక్‌లో చార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వెనక్కి, అడిగే దారైనా ఉంటుంది. మంటలొస్తే ఏం చేస్తారో కూడా అడగండి. 2020లో అక్కడి ఎన్‌కాంట్రో దాస్ ఆగ్వాస్ పార్కులో ఎక్కువ భాగం కాలిపోయింది.

ఇంకోటి, ఇదీ అతను చెప్పలేదు, మాలో ఒకాయనకి ఆఖరి వారంలో తెలిసి పరుగులు పెట్టాడు. బ్రెజిల్ నుంచి తిరిగి వస్తే మన ఎయిర్‌పోర్ట్‌లో యెల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పదిరోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందే కనుక్కుని, పాస్‌పోర్ట్ పట్టుకుని వెళ్లండి.