క్రైస్తవ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం చదివేవారికి ఏ విద్యార్థి సంఘం మేలు?

అమెరికాలో వ్యవసాయ విద్య అనగానే టెక్సాస్ ఏ అండ్ ఎం, అయోవా స్టేట్ వంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే ముందుగా గుర్తుకు వస్తాయి. కళాశాలలు పెట్టడానికి రాష్ట్రాలకు కేంద్ర ప్రభుత్వ భూములిచ్చిన 1862 నాటి మోరిల్ చట్టం ఆసరాతో ఎదిగిన ఈ ల్యాండ్ గ్రాంట్ సంస్థలకు విశాలమైన పరిశోధన క్షేత్రాలు, కౌంటీల్లో రైతులకు సలహాలిచ్చే విస్తరణ కార్యాలయాలు, విద్యార్థి ఏ కోరికతో వచ్చినా దానికి తగిన సంఘం ఉంటాయి. వీటితో పాటు, అంతగా పేరు వినిపించని మరో తరహా వ్యవసాయ చదువు కూడా అక్కడ ఉంది. టెక్సాస్‌లోని అబిలీన్ క్రిస్టియన్, అయోవాలోని డార్ట్, మిషిగన్‌లోని ఆండ్రూస్ వంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాలు చిన్న విభాగాలతో వ్యవసాయ శాస్త్రాలను బోధిస్తున్నాయి. ఇలాంటి చోట ప్రతి విద్యార్థినీ పేరు పెట్టి పిలిచే అధ్యాపకులు దొరుకుతారు. కానీ ఇతర విశ్వవిద్యాలయాల విద్యార్థులతో, ఉద్యోగాలిచ్చే సంస్థలతో, దూరప్రాంతపు రైతులతో పరిచయం తరగతి గదిలో దొరకదు. ఆ పరిచయాన్ని కలిగించేది చాలావరకు విద్యార్థి సంఘమే కనుక, ఏ సంఘంలో చేరాలన్నది ఇక్కడ ఖాళీ సమయానికి సంబంధించిన ప్రశ్న కాదు, చదువులో భాగమైన నిర్ణయం.

ఇలాంటి విద్యార్థి ముందుకు సాధారణంగా నాలుగు రకాల సంఘాలు వస్తాయి: పశుపోషణ లేదా పంటలు, నేలల మీద ఆసక్తితో ఏర్పడి పోటీలకు వెళ్లే సంఘం, వ్యవసాయం చదివే బడిపిల్లల సంస్థ అయిన ఎఫ్‌ఎఫ్‌ఏకు చెందిన కళాశాల శాఖ, ప్రతిభావంతులను ఎంపిక చేసుకునే గౌరవ సంఘం, క్రైస్తవ సేవాదృష్టితో పేద రైతుల కోసం పనిచేసే బృందం. ప్రతి విశ్వవిద్యాలయంలో నాలుగూ ఉండవు. చాలాచోట్ల ఒకే వ్యవసాయ క్లబ్బు వీటిలో రెండు మూడు పనులను తన కిందికి తెచ్చుకుంటుంది. పేరు ఏదైనా, ఆ సంఘం విద్యార్థి చేత నిజంగా ఏ పని చేయిస్తోంది, ఆ పనిలోని తప్పొప్పులను ఎవరు సరిచూస్తున్నారు అన్నదాన్ని బట్టే వీటిని తూచాలని నేను అనుకుంటాను.

ఆ లెక్కన పోటీ బృందాలున్న సంఘానికే నా మొదటి ఓటు. పశుశాస్త్ర విద్యార్థుల కోసం 1919లో ఏర్పడిన బ్లాక్ అండ్ బ్రైడిల్ ఈ కోవలో పేరున్నది. ఇలాంటి సంఘం ఉన్నచోట పశు ప్రదర్శనల నిర్వహణ, పెంపకందారులతో పరిచయాలు వంటివి ఎన్ని జరిగినా, నిజమైన చదువు జరిగేది పశువుల జడ్జింగ్ దగ్గరే. అక్కడ ఒక్కో విభాగంలో నాలుగు పశువులను నిలబెడతారు. విద్యార్థి కొద్ది నిమిషాల్లో వాటి ఎముక బలం, కండ పట్టు, నడక, పొదుగు లేదా మాంసపు నాణ్యత గమనించి, శ్రేష్ఠతను బట్టి ఒకటి నుంచి నాలుగు వరకు వరుస పెట్టాలి. తరువాత న్యాయనిర్ణేత ఎదుట నిలబడి, కాగితం చూడకుండా, రెండు నిమిషాల లోపు తన వరుసకు కారణాలు చెప్పాలి. వరుసకు 50 మార్కులు, కారణాలకు మరో 50 మార్కులు. మన సంతలో ఎద్దును ఎంచే పెద్దరైతుకు అనుభవంతో అబ్బిన చూపును ఈ పోటీ మాటల్లో పెట్టి, ఎందుకు అని అడిగి, జవాబుకు విలువ కట్టి నేర్పుతుంది. టెక్సాస్ ప్రదర్శనల్లో మెడ వెనుక ఎత్తైన మూపురంతో కనిపించే బ్రాహ్మన్ జాతి పశువులలో ఒంగోలు రక్తం కూడా ఉందని తెలిసిన తెలుగు విద్యార్థికి ఆ వరుస పెట్టడం మరింత ఇష్టంగా ఉంటుందని నా నమ్మకం.

పంటలు, నేలల వైపు మొగ్గే వారికి మట్టి జడ్జింగ్ ఇంతకన్నా మంచి పాఠం. పొలంలో మనిషి లోతు గొయ్యి తవ్వి, విద్యార్థులను అందులోకి దింపుతారు. నేల పొరలు ఎక్కడ మారుతున్నాయో గీత గీయాలి, తడిపిన మట్టిని వేళ్ల మధ్య నలిపి ఇసుక, ఒండ్రు, బంకమట్టి పాళ్లను అంచనా వేయాలి, రంగును నమూనా రంగులుండే మన్సెల్ పుస్తకంతో పోల్చి రాయాలి, ఆ నేల దేనికి పనికివస్తుందో తేల్చాలి. ఆ అంచనాను అనుభవజ్ఞులైన నేల శాస్త్రవేత్తల గుర్తింపుతో పోల్చి మార్కులు వేస్తారు కనుక, తప్పు ఎక్కడ జరిగిందో ఆ రోజే తెలిసిపోతుంది. చిన్న విభాగపు విద్యార్థి పెద్ద విశ్వవిద్యాలయాల జట్లతో ఒకే గొయ్యి ముందు, ఒకే కొలతకు నిలబడే అవకాశం ఇది. చిన్న కళాశాలలో చదివామన్న బెరుకును పోగొట్టే మందు ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

దీనికి ఖర్చు లేకపోలేదు. సాధనకు తెల్లవారుజామున లేవాలి, ప్రయాణాలకు వారాంతాలు పోతాయి, జట్టు నడిపే అధ్యాపకునికి వ్యాను, బస, దారి ఖర్చులు కావాలి. సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘానికి చెందిన ఆండ్రూస్ వంటి చోట శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు సబ్బాతు విశ్రాంతి పాటిస్తారు కనుక, శనివారం జరిగే పోటీల సంగతి ముందే ఆలోచించుకోవాలి. మిస్సోరిలోని కాలేజ్ ఆఫ్ ది ఓజార్క్స్ పేరుకు విశ్వవిద్యాలయం కాకపోయినా ఇక్కడ చెప్పదగినది: అక్కడి విద్యార్థులు ఫీజుకు బదులుగా వారానికి 15 గంటలు కళాశాల పనుల్లో పాల్గొంటారు. పాడిశాలలోనో పశువుల కొట్టంలోనో ఆ పని దొరికిన విద్యార్థికి సంఘం ఇవ్వాల్సినదానిలో సగం అప్పటికే దొరికినట్టు.

ఎఫ్‌ఎఫ్‌ఏ సంగతి వేరు. 1928లో కాన్సస్ సిటీలో ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికాగా మొదలై, ఉన్నత పాఠశాలల్లో వ్యవసాయం చదివే పిల్లల సంఘంగా ఎదిగిన ఈ సంస్థ, 1965లో నల్లజాతి విద్యార్థుల న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికాను తనలో కలుపుకుంది. 1969లో ఆడపిల్లలకు దేశవ్యాప్తంగా సభ్యత్వం తెరిచింది. నీలిరంగు కార్డురాయ్ కోటు దాని గుర్తు. కళాశాల శాఖలో చేరితే బడిపిల్లల పోటీలు నిర్వహించడం, సభల్లో మాట్లాడటం, వారికి దారి చూపడం నేర్చుకోవచ్చు. వ్యవసాయ ఉపాధ్యాయులు కావాలనుకునే వారికి, విస్తరణ ఉద్యోగం కోరుకునే వారికి ఇదే అన్నిటికన్నా మేలు. బడిలో ఎఫ్‌ఎఫ్‌ఏ సభ్యులుగా ఉన్నవారికి ఇక్కడ స్నేహాలు వెంటనే కుదురుతాయి. నగర శివారు బడుల నుంచి సాఫ్ట్‌వేరు కుటుంబాల పిల్లలుగా వచ్చే తెలుగు విద్యార్థుల్లో చాలామందికి ఆ నేపథ్యం ఉండకపోవచ్చు. వారిని చేరవద్దని నేను అనడం లేదు. కానీ పశువైద్యం వైపు వెళ్లాలనుకునే విద్యార్థికి పశువులతో గడిపిన అనుభవం కూడా ప్రవేశ దరఖాస్తులో అడుగుతారు కనుక, మొదటి ఏడాది ఆ సమయాన్ని పశు సంఘానికి ఇవ్వడం తెలివైన పని.

గౌరవ సంఘాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ల్యాండ్ గ్రాంట్ కాని విశ్వవిద్యాలయాల వ్యవసాయ విద్యార్థుల కోసం డెల్టా టావ్ ఆల్ఫా ఉంది. మంచి మార్కులు వచ్చినవారిని పిలుస్తారు; పిలిస్తే ఆనందంగా చేరవచ్చు. దాని కోసం మరో సంఘాన్ని వదులుకోవడం మాత్రం తగదు.

క్రైస్తవ విశ్వవిద్యాలయానికి ప్రత్యేకత తెచ్చేది నాలుగో రకం, సేవా బృందం. భూమి దేవునిది, మనిషి దానికి కాపరి మాత్రమే అన్న భావన ఈ విశ్వవిద్యాలయాల్లో వ్యవసాయ బోధనకు పునాది. డార్ట్ తన బోధన క్షేత్రానికి అగ్రికల్చర్ స్టీవర్డ్‌షిప్ సెంటర్ అని పేరు పెట్టుకోవడం దాని సూచనే. ఈ దృష్టి మంచి ఫలితాలు ఇచ్చిన ఉదాహరణలు ఉన్నాయి. చర్చ్ ఆఫ్ ది బ్రెదరన్‌కు చెందిన డాన్ వెస్ట్ అనే రైతు ఆలోచనతో 1944లో పడ్డల మొదటి విడత ప్యూర్టోరికోకు చేరింది. పడ్డను అందుకున్న కుటుంబం దానికి పుట్టిన ఆడదూడను మరో కుటుంబానికి ఇవ్వాలన్న నియమం ఆ దానాన్ని నిలబెట్టింది. నేటి హైఫర్ ఇంటర్నేషనల్ అదే. ఫ్లోరిడాలోని నార్త్ ఫోర్ట్ మయర్స్‌లో ఉన్న ఎకో అనే క్రైస్తవ సంస్థ ఉష్ణమండల దేశాల చిన్న రైతులకు అంతగా ప్రచారంలో లేని పంటల విత్తనాలు, వాటి సాగు పద్ధతులు అందిస్తుంది. అక్కడ అమెరికన్ విద్యార్థులు శ్రద్ధగా నేర్చుకునే పంటల్లో మునగ, జనుము, అలసంద, అనుములు ఉంటాయి. తెలుగు ఇంటి పెరట్లో మునగాకు కోసిన అనుభవం ఉన్న విద్యార్థి అలాంటి బృందంలో చెప్పగలిగేది ఎంతో ఉంటుంది; అది ఆ విద్యార్థికి కూడా గౌరవం తెచ్చే విషయం.

అయినా నేను దీన్ని మొదటి స్థానంలో పెట్టలేకపోతున్నాను. సెలవుల్లో రెండు వారాల పాటు మరో దేశానికి వెళ్లి, నాలుగు మడులు వేసి, ఫొటోలతో తిరిగి రావడం సేవ కాదు. వాన ఎప్పుడు పడుతుందో, నేలలో ఏ పొర గట్టిదో, పంట ఎవరు కొంటారో తెలియని విద్యార్థి అక్కడి రైతుకు చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు. వినగలిగేది మాత్రం చాలా ఉంది. గొయ్యిలోకి దిగి మట్టిని చదవడం నేర్చుకున్న తరువాత వెళితే ఆ వినికిడికి అర్థం ఉంటుంది. అందుకే మొదటి రెండేళ్లు జడ్జింగ్ జట్టులో, తరువాతి రెండేళ్లు సేవా బృందంలో గడిపే విద్యార్థికే ఈ చదువు పూర్తి విలువ దక్కుతుందని నా అభిప్రాయం. ఆ బృందం ఏటా కొత్త ఊరు వెతుక్కోకుండా ఒకే ప్రాంతంతో ఏళ్ల తరబడి సంబంధం పెట్టుకుందా, దాన్ని నడిపే అధ్యాపకునికి పంటల మీద పట్టు ఉందా అన్నవి చేరేముందు అడిగి తెలుసుకోవాలి.

క్రైస్తవేతర కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థులు అడగవలసిన మరో ప్రశ్న ఉంది. కొన్ని విశ్వవిద్యాలయాలు చేరేటప్పుడే విశ్వాస సంబంధమైన ఒడంబడికపై సంతకం కోరుతాయి. కొన్ని అన్ని మతాలవారినీ చేర్చుకుని చాపెల్ అనే ప్రార్థన సమావేశాలకు హాజరును మాత్రం తప్పనిసరి చేస్తాయి. సంఘాల్లో సమావేశం ప్రార్థనతో మొదలవడం అక్కడ సహజం. సభ్యత్వానికి ఏ నియమమూ లేకపోయినా పదవులకు నియమాలు ఉండవచ్చు. ఇవన్నీ దాచే విషయాలు కావు. అడిగితే మర్యాదగానే చెబుతారు. చేరిన తరువాత ఇబ్బంది పడటం కన్నా ముందే అడగడం ఇద్దరికీ గౌరవం.

ఇక విభాగంలో ఉన్నదే అరవై డెబ్బై మంది అయితే, నాలుగు సంఘాలను వేర్వేరుగా నడపాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవడం మంచిది. పట్టుదల ఉన్న ముగ్గురు నలుగురు పట్టా తీసుకుని వెళ్లిపోతే చిన్న సంఘం ఆ వేసవిలోనే మూతపడుతుంది, దాని డబ్బు, దాని పరిచయాలు కూడా పోతాయి. ఒకే వ్యవసాయ క్లబ్బును నిలిపి, దాని కింద పశువుల జట్టు, మట్టి జట్టు, సేవా కార్యక్రమం మూడు విభాగాలుగా పెట్టుకుని, ప్రతి పదవికీ రెండో ఏడాది విద్యార్థి ఒకరిని సహాయకులుగా నియమిస్తే, పెద్దవాళ్లు వెళ్లిపోయే మే నెలలో పోటీల తేదీలు, వ్యాను తాళాలు, ఎకోకు రాసిన ఉత్తరాలు ఎవరి దగ్గర ఉన్నాయో వెతుక్కునే పని ఉండదు.