వంశమా, భాషా, ఇష్టమా: జర్మానిక్ దేశాల్లో జాతీయతకు ఏ కొలబద్ద మేలు?

జర్మానిక్ భాషలు మాట్లాడే ఐరోపా దేశాల్లో గత రెండు వందల ఏళ్లుగా ఒకే ప్రశ్న పదే పదే తలెత్తుతూ వచ్చింది. ఒక మనిషి ఏ జాతికి చెందినవాడో దేన్ని బట్టి నిర్ణయించాలి? అతని పూర్వికులను బట్టా, మాట్లాడే భాషను బట్టా, లేక తానెవరో తాను చెప్పుకునే మాటను బట్టా? జర్మనీ, ఆస్ట్రియా, లక్సెంబర్గ్, స్విట్జర్లాండ్, డెన్మార్క్ దేశాలు ఈ మూడింటినీ వేర్వేరు పాళ్లలో ఆచరించి చూశాయి. వాటి ఫలితాలు చరిత్రలో నమోదై ఉన్నాయి కనుక, ఏది మేలో ఊహతో కాక అనుభవంతోనే తేల్చవచ్చు.

ముందుగా పూర్వికుల సంగతి. 1913లో జర్మనీ చేసిన పౌరసత్వ చట్టం ప్రకారం పౌరసత్వం వంశాన్ని బట్టి సంక్రమిస్తుంది. బిడ్డ ఏ గడ్డమీద పుట్టిందన్నది లెక్కలోకి రాదు. ఈ సూత్రం ఎంత దూరం తీసుకుపోయిందో ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చూస్తే తెలుస్తుంది. 1961లో కుదిరిన ఒప్పందం మేరకు టర్కీ నుంచి పశ్చిమ జర్మనీకి కార్మికులు వచ్చారు. వారి పిల్లలు అక్కడే పుట్టి, అక్కడి బడుల్లో చదువుకుని, జర్మన్‌లోనే ఆలోచించేంతగా పెరిగినా, పుట్టుకతో పౌరులు కాలేకపోయారు. మరోవైపు, 1763లో రష్యా రాణి రెండవ కేథరిన్ పిలుపు అందుకుని వోల్గా తీరానికి వలసపోయిన జర్మన్ రైతుల వారసులున్నారు. 1941లో స్టాలిన్ వారిని కజకిస్తాన్‌కు, సైబీరియాకు తరలించాడు. 1990ల్లో వారు లక్షలాదిగా జర్మనీకి తరలివచ్చినప్పుడు, చాలామంది యువకులకు రష్యన్ తప్ప మరో భాష సరిగా రాకపోయినా, వంశం కారణంగా జర్మన్ పౌరసత్వం లభించింది. జర్మన్ పేరు మోసినందుకే స్టాలిన్ చేతిలో అన్ని కష్టాలు పడ్డవారికి ఆశ్రయమివ్వడం జర్మనీ బాధ్యతే; అందులో నాకు సందేహం లేదు. జర్మనీలోని కొలోన్‌లో పుట్టిన టర్కీ కార్మికుడి పిల్లవాణ్ణి అదే సమయంలో పరాయివాడిగా ఉంచడమే అన్యాయం. ఆ లోపం జర్మనీకి కూడా తెలిసివచ్చింది. 1996 నుంచి వోల్గా వారసులకు భాషా పరీక్ష పెట్టారు. 2000 జనవరి 1 నుంచి, తల్లిదండ్రుల్లో ఒకరు, అప్పటి నియమం ప్రకారం, ఎనిమిదేళ్లు చట్టబద్ధంగా నివసించి, శాశ్వత నివాస హక్కు కలిగి ఉంటే, వారి బిడ్డ పుట్టుకతోనే జర్మన్ పౌరుడయ్యే వీలు కల్పించారు.

వంశపు కొలబద్దకు ఇంతకన్నా లోతైన లోపం ఒకటుంది. దాన్ని నిజంగా కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. తూర్పు జర్మనీ జనాభాలో కాలక్రమాన కలిసిపోయిన స్లావ్ ప్రజల వారసులు ఎందరో ఉన్నారు. అక్కడి లుసేషియా ప్రాంతంలోని సోర్బ్ అనే స్లావ్ ప్రజలు మాత్రం నేటికీ తమ భాషను నిలబెట్టుకున్నారు. నాజీలు చేసిన 1935 న్యూరెంబర్గ్ చట్టాలు యూదు రక్తమని పెద్ద మాట చెప్పి, చివరకు తాతలూ అమ్మమ్మలూ నాన్నమ్మలూ ఏ మత సంఘంలో సభ్యులుగా ఉండేవారో చూసే లెక్క కట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో సుమారు లక్షమంది యూదులు పనిచేశారు, వారిలో దాదాపు 12,000 మంది ప్రాణాలిచ్చారు. తరతరాలుగా వారి మాతృభాష జర్మనే. ఆ భాష గానీ ఆ త్యాగం గానీ వారిని కాపాడలేదు. ఈ ఒక్క అనుభవం చాలు, వంశాన్ని చట్టానికి పునాదిగా అంగీకరించకపోవడానికి.

భాష అంతకన్నా మెరుగైన కొలబద్ద. దాన్ని నేర్చుకోవచ్చు, పిల్లలకు అందించవచ్చు. పుట్టుకతో మూసుకుపోయే తలుపు కాదది. నెపోలియన్ సేనలు బెర్లిన్‌లో ఉండగా 1807–08 శీతాకాలంలో జర్మన్ తత్వవేత్త ఫిష్టే చేసిన ప్రసంగాల్లో, ఒకే భాష మాట్లాడేవారు ఏ సరిహద్దు గీయకముందే ఒక్కటని వాదించాడు. ముక్కలైన జర్మన్ రాజ్యాల్లో ఆ మాట ఎందరికో ధైర్యమిచ్చింది. కానీ 1871లో అదే వాదం అల్సాస్‌ను ఫ్రాన్సు నుంచి తీసుకోవడానికి ఒక సమర్థనగా మారింది. అల్సాస్ ప్రజల్లో ఎక్కువమంది మాట్లాడేది జర్మానిక్ మాండలికమే. అయినా ఫ్రెంచి విప్లవం తర్వాత వారిలో చాలామంది తమను ఫ్రెంచివారిగానే భావించుకున్నారు. వారిని ఎవరూ అడగలేదు. జాతి అంటే రోజువారీగా తీసుకునే ప్రజాభిప్రాయమని 1882లో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ చెప్పిన మాట వెనుక ఆ గాయముంది.

ఆస్ట్రియా కథ మరీ స్పష్టం. 1918 నవంబరులో, సామ్రాజ్యం కూలిన వెంటనే, ఆ దేశం తాను జర్మన్ గణతంత్రంలో భాగమని ప్రకటించుకుంది. 1919 సెయింట్ జర్మైన్ ఒప్పందం దాన్ని అడ్డుకుంది. 1938లో హిట్లర్ ఆ విలీనాన్ని జరిపించాడు. ఏడేళ్ల తర్వాత, శిథిలాల మధ్య, అదే భాష మాట్లాడే అదే ప్రజలు తాము జర్మన్లు కామని చెప్పడం మొదలుపెట్టారు. యుద్ధం ముగిశాక కొంతకాలం బడుల్లో జర్మన్ పాఠ్యాంశానికి ‘బోధనా భాష’ అనే పేరు పెట్టారు. ఐరోపా సంఘంలో చేరేటప్పుడు టమాటా, బంగాళాదుంప మొదలైన 23 ఆహార పదార్థాలకు తమ ఆస్ట్రియన్ పేర్లను ఒప్పందంలోనే రాయించుకున్నారు. ఒకే భాష ఒకే రాజకీయ జీవితానికి హామీ కాదన్న సంగతి తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1956లో భాష ఆధారంగా కలిసిన ప్రాంతాలు 2014లో రెండు రాష్ట్రాలయ్యాయి. నెదర్లాండ్స్ ప్రజలు, బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రజలు కూడా డచ్ భాషను పంచుకుంటూనే వేర్వేరు దేశాల్లో స్థిరపడ్డారు.

అయితే భాష కవచంగా నిలిచిన సందర్భాన్ని విస్మరించకూడదు. 1941 అక్టోబరులో నాజీ పాలకులు లక్సెంబర్గ్‌లో జనగణన తలపెట్టి పౌరసత్వం, మాతృభాష, జాతి ఏమిటని అడిగారు. మాతృభాష, జాతి అన్న గళ్లలో ‘జర్మన్’ అని రాయించడమే వారి ఉద్దేశం. ప్రజలు మూడింటికీ ‘లక్సెంబర్గిష్’ అనే జవాబు ఇవ్వబోతున్నారని తెలిసి పాలకులు ఆ జనగణనను రద్దు చేసుకున్నారు. అప్పటికి ఎందరో పండితుల దృష్టిలో అది జర్మన్ మాండలికమే; 1984లో గానీ చట్టం దాన్ని జాతీయ భాషగా గుర్తించలేదు. ఆ ప్రజల నిర్ణయమే దానికి భాష హోదా తెచ్చిందని నా అభిప్రాయం.

ఇక మూడవది, సొంత ప్రకటన. దీనికి జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులోని ష్లెస్విగ్‌ను మించిన ఉదాహరణ లేదు. డేనిష్, జర్మన్, ఫ్రిసియన్ భాషలు కలగలిసిన ఆ ప్రాంతంలో 1920లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఉత్తర మండలంలో సుమారు 75 శాతం డెన్మార్క్‌ను, దక్షిణ మండలంలో సుమారు 80 శాతం జర్మనీని కోరుకున్నారు. ఇంట్లో డేనిష్ మాండలికం మాట్లాడుతూ జర్మనీకి ఓటేసినవారూ ఉన్నారు. సరిహద్దుకు రెండు వైపులా అల్పసంఖ్యాకులు మిగిలారు. 1955లో బాన్‌లోని పశ్చిమ జర్మనీ, కోపెన్‌హాగన్‌లోని డెన్మార్క్ ప్రభుత్వాలు వేర్వేరుగా చేసిన ప్రకటనల్లో, తాను డేన్‌నని గానీ జర్మన్‌నని గానీ చెప్పుకునే స్వేచ్ఛ ప్రతివారికీ ఉందని, అధికారులు దాన్ని ప్రశ్నించకూడదని, పరిశీలించకూడదని రాసుకున్నాయి. ఇంటిపేరు, తాత పేరు, ఇంట్లో మాట్లాడే మాట, వీటిలో దేన్నీ రుజువుగా అడగరు.

దీనికీ విమర్శకులున్నారు. 1945 తర్వాత ఆకలి రోజుల్లో సరిహద్దుకు జర్మనీ వైపున్న ఫ్లెన్స్‌బర్గ్ పరిసరాల్లో వేలాదిమంది డేనిష్ సంఘాల్లో చేరినప్పుడు, డెన్మార్క్ నుంచి వచ్చే ఆహారపు పొట్లాల కోసమే చేరారని నిందించారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ చాలామంది పిల్లలు డేనిష్ బడుల్లో చదివారు, ఆ భాష నేర్చారు. నేడు ఆ అల్పసంఖ్యాక సమాజంలో సుమారు 50,000 మంది ఉన్నారని అంచనా. చట్టసభలో ప్రవేశించాలంటే పార్టీలకు కనీసం ఐదు శాతం ఓట్లు రావాలన్న నిబంధన నుంచి వారి పార్టీకి మినహాయింపు ఉంది. 2021లో అది జర్మన్ పార్లమెంటులో ఒక స్థానం గెలిచింది. ప్రవేశించిన కారణం ఏదైనా, ఆచరణ ఆ ఎంపికను నిజం చేసింది.

నా తీర్పు మూడవదాని వైపే. అయితే అది ఇప్పటికే ఆ నేలమీద హక్కులున్నవారికి సరిపోతుంది. కొత్తగా వచ్చేవారి విషయంలో అసలు ప్రశ్న వారి ఇష్టాన్ని ఎవరు గుర్తిస్తారన్నది. నాలుగు భాషలతో, కలిసి ఉండాలన్న సంకల్పంతో నిలిచిన దేశంగా పేరున్న స్విట్జర్లాండ్‌లోనే, ఎమెన్ పట్టణ ఓటర్లు పౌరసత్వ దరఖాస్తులను రహస్య ఓటుతో తిరస్కరించారు. కారణం చెప్పనవసరం లేని ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2003లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అందువల్ల ప్రవేశ ద్వారం దగ్గర అందరికీ ముందే తెలిసిన నియమం ఉండాలి, అటువంటి నియమాల్లో నేర్చుకోగలిగిన భాషే అన్నిటికన్నా న్యాయమైనది. జర్మనీలో స్థిరపడిన తెలుగువారు నేడు ఎదుర్కొంటున్నది అటువంటి నియమాన్నే. 2024 జూన్ నుంచి ఐదేళ్ల నివాసం, బీ1 అనే మధ్యస్థ స్థాయి జర్మన్ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. జర్మనీ పాత పౌరసత్వం వదలమని అడగదు, భారత చట్టం మాత్రం రెంటినీ ఉంచుకోనివ్వదు. 1961 తర్వాత వచ్చి కర్మాగారాల్లో వయసు కరిగించిన తొలితరం కార్మికులకు ఈ చట్టం రాతపరీక్షను మినహాయించి, రోజువారీ మాటలు మాట్లాడగలిగితే చాలంది. ఆ కాలంలో వారికి భాష నేర్పే ఏర్పాటు ప్రభుత్వం సరిగా చేయలేదు కనుక, ఆ మినహాయింపు వారికి న్యాయంగా రావలసిందే.